గురి ఒక సగం, జాగ్రత్త ఒక సగం: ఆనీ ఓక్లీ జీవితం

(రాసినది: 9వ తరగతి విద్యార్థిని)



మన గోడ పత్రికలో గాంధీ గారు, అంబేద్కర్ గారు, అల్లూరి సీతారామరాజు, కొమరం భీం గురించి చాలాసార్లు రాశాము. ఈసారి నేను వేరే దేశంలో పుట్టిన ఒక బీద పిల్ల గురించి రాస్తున్నాను. ఆమె పేరు ఆనీ ఓక్లీ. తుపాకీ గురిలో ఆమె పేరు ప్రపంచమంతా తెలుసు. ఆడపిల్లకి తుపాకీ సంగతులు ఎందుకని కొందరు నవ్వుతారు. నవ్వేవాళ్ళు చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి. ఎందుకంటే గురి కొట్టడం అనేది తుపాకీ పనిలో సగమే. మిగతా సగం జాగ్రత్త. గురి సంగతి అందరూ చెప్తారు. జాగ్రత్త సంగతి నేను ఎక్కువ చెప్తాను.

బాల్యం

ఆనీ 1860 ఆగస్టు 13న అమెరికాలో ఒహాయో రాష్ట్రం డార్క్ జిల్లాలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫీబీ ఆన్ మోసెస్. ఇంట్లో ఆనీ అని పిలిచేవాళ్ళు. తండ్రి జేకబ్, తల్లి సుసాన్. చెట్టు దుంగలు పేర్చి కట్టిన ఇల్లు, కొంచెం పొలం, ఇంటినిండా పిల్లలు. ఒకరోజు తండ్రి మంచు తుఫానులో చిక్కుకుని, చలికి కొయ్యబారిపోయి ఇంటికి చేరాడు. అట్లాగే మంచం పట్టి 1866లో చనిపోయాడు. అప్పటికి ఆనీకి ఆరేళ్ళు కూడా నిండలేదు.

ఇంక ఇల్లు గడవడమే కష్టమైంది. ఆనీ చిన్న చిన్న ఉచ్చులు పన్ని పూరేడు, కౌజు లాంటి పిట్టల్ని పట్టి తల్లికి ఇచ్చేది. పొయ్యి పైన గోడకి తండ్రి పాత తుపాకీ వేలాడుతూ ఉండేది. ఎనిమిదేళ్ళ వయసులో దాన్ని దించి ఒక ఉడతని ఒక్క దెబ్బకి కొట్టానని పెద్దయ్యాక ఆమే చెప్పుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల తుపాకీ ముట్టుకోవడం మంచిది కాదు. కానీ అక్కడ ఆకలి ఉంది, అడ్డం చెప్పడానికి తండ్రి లేడు.

తోడేళ్ళ ఇల్లు

తల్లి అందర్నీ సాకలేక, తొమ్మిది పదేళ్ళ ఆనీని జిల్లా అనాథ ఆశ్రమంలాంటి బీదల ఇంటికి పంపించింది. అక్కడి పెద్దమ్మగారి దగ్గర కుట్టుపని నేర్చుకుంది. తర్వాత ఒక రైతు కుటుంబం వాళ్ళు వచ్చి, మా ఇంట్లో చంటిపిల్లని చూసుకుంటే చాలు, వారానికి 50 సెంట్లు ఇస్తాము, బడికి కూడా పంపుతాము అని చెప్పి తీసుకెళ్ళారు. డబ్బులూ ఇవ్వలేదు, బడికీ పంపలేదు. తెల్లారకముందు నుండి రాత్రిదాకా చాకిరీ చేయించారు. కొట్టారు. ఒక రాత్రి బట్టలు కుడుతూ నిద్రపోయిందని కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా మంచులోకి తోసి తలుపు వేసుకున్నారు. సుమారు రెండేళ్ళు భరించి, చివరికి అక్కడి నుండి పారిపోయింది. ఆ ఇంటివాళ్ళ అసలు పేరు ఆమె జీవితాంతం ఎవరికీ చెప్పలేదు. తోడేళ్ళు అని మాత్రం అనేది.

మా ఇంట్లో బడి గడప తొక్కినది నేనే మొదటిదాన్ని. కాబట్టి బడికి పంపుతామని చెప్పి పంపకపోవడం అనే మాట దగ్గర నాకు చాలా కోపం వచ్చింది. దెబ్బలు మానిపోతాయి. పోయిన చదువు వయసు మళ్ళీ రాదు.

నోటి నుండి నింపే తుపాకీ

ఇంటికి తిరిగొచ్చాక ఆనీ వేటనే పనిగా పెట్టుకుంది. కొట్టిన పిట్టల్ని గ్రీన్‌విల్ ఊళ్ళో అంగడికి అమ్మేది. అక్కడి నుండి అవి సిన్సినాటి పట్నంలో హోటళ్ళకి వెళ్ళేవి. ఆ డబ్బులు కూడబెట్టి 15 ఏళ్ళ వయసుకే తల్లి పొలం మీద ఉన్న తాకట్టు అప్పు తీర్చేసింది. 15 ఏళ్ళు అంటే మనకంటే ఒక్క ఏడాది పెద్ద.

ఆ కాలంలో బీదవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేది నోటి నుండి నింపే తుపాకీ. మన ఏజెన్సీలో నాటు తుపాకీ అంటారే, అదే రకం. దాన్ని నింపే వరుస ఇది. ముందు గొట్టం నోట్లో కొలిచిన మందు పోస్తారు. మందు మీద గుడ్డ పీలికో కాగితమో పెట్టి పొడుగు కడ్డీతో అడుగుదాకా దిగగొడతారు. దాని మీద సీసం గుళ్ళు వేస్తారు. గుళ్ళు జారిపోకుండా ఇంకొక పీలిక. చివర్న గొట్టం వెనక వైపు చిన్న మొన మీద కేపు తొడుగుతారు. దీపావళికి పిల్లలు బొమ్మ తుపాకీలో పెట్టి కొట్టే కేపు లాంటిదే, కానీ రాగి రేకుతో చేసింది. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి కేపు మీద పడుతుంది. నిప్పురవ్వ లోపలికి పోయి మందు అంటుకుంటుంది. పుట్టిన వాయువు గుళ్ళని బయటికి తోస్తుంది. అంత బలంతో తుపాకీ మన భుజాన్ని వెనక్కి తంతుంది. ఇది మనం సైన్సులో చదివే న్యూటన్ మూడో నియమం.

ఇందులో ప్రమాదాలు చాలా ఉన్నాయి. ఒకటి, పేల్చిన వెంటనే మళ్ళీ మందు పోస్తే లోపల మిగిలిన నిప్పుకి ఆ మందు మొహం మీదే అంటుకుంటుంది. రెండు, నింపేటప్పుడు గొట్టం నోటి మీదికి వంగితే తల దాని ఎదురుగా ఉంటుంది. మూడు, కేపు ముందే పెట్టి తర్వాత నింపితే చెయ్యి పోతుంది. అందుకే కేపు ఎప్పుడూ ఆఖరు. నాలుగు, అన్నిటికంటే పెద్దది, ఈ తుపాకీ నిండి ఉందో ఖాళీగా ఉందో బయటికి కనపడదు. నింపిన సంగతి మర్చిపోయి మళ్ళీ నింపితే మందు రెట్టింపు అవుతుంది, గొట్టం పగులుతుంది.

మా మేనమామకి ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. నేను పుట్టకముందు నాటు తుపాకీకి రెండుసార్లు మందు పడి గొట్టం పగిలింది. ఈ వరుస అంతా నాకు ఆయనే చెప్పాడు. కడ్డీ మీద గీత పెట్టుకోవాలంట. ఖాళీ గొట్టంలో కడ్డీ ఎంత దిగుతుందో ఒక గీత, నింపాక ఎంత దిగుతుందో ఇంకొక గీత. తుపాకీ చేతికి తీసుకోగానే కడ్డీ దింపి చూస్తే తెలిసిపోతుంది. ఆ గీత మా మామయ్య వేళ్ళు పోయాక పెట్టాడు.

పోటీ, పెళ్ళి

అప్పట్లో ఫ్రాంక్ బట్లర్ అని ఒక పేరున్న షూటర్ ఊరూరా తిరిగి గురి ప్రదర్శనలు ఇచ్చేవాడు. ఐర్లాండ్ నుండి వచ్చినవాడు. సిన్సినాటి దగ్గర ఒక పోటీలో ఆయనకి ఎదురుగా ఆనీని నిలబెట్టారు. పొట్టిగా, సన్నగా ఉన్న పిల్లని చూసి ఆయన తేలిగ్గా తీసుకున్నాడంట. చివరికి ఒక్క గురి తేడాతో ఆమే గెలిచింది. ఓడిపోయినవాడు కోపం పెట్టుకోలేదు. ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. కొన్నాళ్ళకి ఆటలో ఆమెని ముందుకు పెట్టి తాను వెనక నిలబడి సామాన్లు చూసుకున్నాడు. చిన్నప్పుడు ఆగిపోయిన చదువు కూడా ఆయన సహాయంతో పెంచుకుంది. ఓక్లీ అనేది ఆమె ప్రదర్శనల కోసం పెట్టుకున్న పేరు.

మడత తుపాకీ

ప్రదర్శనల్లో ఆనీ ఎక్కువగా వాడింది రెండు గొట్టాల మడత తుపాకీ. దీనికి దారి వేసింది 1830ల్లో ఫ్రాన్స్ దేశపు లెఫోషో. తలుపు బందు మీద తిరిగినట్టు ఈ తుపాకీ మధ్యలో వంగుతుంది. పైన ఉన్న మీట పక్కకి నెడితే గొట్టాలు ముందుకి వాలి వెనక వైపు తెరుచుకుంటాయి. ఆ రంధ్రాల్లో తూటాలు పెట్టి మళ్ళీ మూస్తారు. కేపు, మందు, పీలిక, గుళ్ళు, అన్నీ వరుసగా ఒకే తూటాలో ముందే అమర్చి ఉంటాయి. మందు రెండుసార్లు పోసే ప్రమాదం అక్కడే తగ్గిపోయింది. ఇంకా మంచి సంగతి, తెరిస్తే రెండు గొట్టాలూ కనిపిస్తాయి. తూటా ఉందా లేదా అని ఊహించక్కర్లేదు, కళ్ళతో చూడొచ్చు. తెరిచి ఉన్న మడత తుపాకీ పేలదు. అందుకే తెలిసినవాళ్ళు నలుగురిలో నడిచేటప్పుడు దాన్ని తెరిచి చేతి మీద వేసుకుని నడుస్తారు. ఎదుటివాడికి కూడా ధైర్యంగా ఉంటుంది.

మన దగ్గర 12 బోర్ అంటారు కదా. దాని అర్థం ఏమిటంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు 12 కలిపితే ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాములు తూగుతాయి. 20 బోర్ అయితే 20 గుండ్లు కావాలి. అంటే అంకె పెరిగితే గొట్టం సన్నం అవుతుంది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. 20 బోర్ తూటా పొరపాటున 12 బోర్ గొట్టంలో వేస్తే అది జారి లోపల ఇరుక్కుంటుంది. కనపడలేదు కదా అని వెనక 12 తూటా పెట్టి పేలిస్తే గొట్టం బాంబులాగా పగులుతుంది. అందుకే ఇప్పుడు 20 బోర్ తూటాలని పసుపు రంగులో చేస్తారు.

తర్వాత జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా ఆయన చేసిన పంపు తుపాకీ వచ్చింది. 1897 నమూనా చాలా పేరు పొందింది. గొట్టం కింద ఇంకొక గొట్టంలో తూటాలు వరుసగా ఉంటాయి. ముందు పిడిని వెనక్కి లాగితే కాలిన తూటా బయట పడుతుంది, ముందుకి నెడితే కొత్తది గొట్టంలోకి ఎక్కుతుంది. దీనితో మోసపోయేవాళ్ళు ఉంటారు. కింద గొట్టం ఖాళీ అయింది కాబట్టి తుపాకీ ఖాళీ అనుకుంటారు. పై గొట్టంలో ఒక తూటా ఉండిపోవచ్చు. తెరిచి కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమితేనే నమ్మాలి.

1885లో సిన్సినాటిలో ఆనీ ఒక్కరోజులో 5,000 గాజు బంతుల్ని ఎగరేయించి 4,772 పగలగొట్టింది. సుమారు తొమ్మిది గంటలు పట్టింది. తుపాకీలు కూడా తానే నింపుకుంది. అందరూ 4,772 అనే అంకె చూసి ఆశ్చర్యపోతారు. నేను 5,000 అంకె చూశాను. 5,000 సార్లు నింపడం అంటే ఎంత ఓపిక. భుజం నొప్పిగా ఉన్నా, చెయ్యి వేడెక్కినా, ఆఖరి తూటాని మొదటి తూటా అంత జాగ్రత్తగానే పెట్టాలి.

సిట్టింగ్ బుల్ కూతురు

1884లో సెయింట్ పాల్ పట్నంలో ఆనీ ఆటని లకోటా ఆదివాసీల నాయకుడు సిట్టింగ్ బుల్ చూశాడు. చాలా ఇష్టపడి ఆమెని కూతురిగా స్వీకరించాడు. చిన్నారి సూటి గురి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1885లో ఆనీ బఫెలో బిల్ పెట్టిన వైల్డ్ వెస్ట్ అనే పెద్ద ప్రదర్శనలో చేరింది. ఆ ఏడాది సిట్టింగ్ బుల్ కూడా కొన్ని నెలలు అందులో ఉన్నాడు. తనకి వచ్చిన డబ్బుల్లో చాలా వరకు వీధుల్లో చిరిగిన బట్టల పిల్లలకి ఇచ్చేసేవాడని ఆనీ చెప్పింది.

ఇక్కడ ఒక మాట రాయకపోతే తప్పు. ఆ ప్రదర్శనలో ఆదివాసీలని బండ్ల మీద దాడి చేసేవాళ్ళలాగా చూపించేవాళ్ళు. నిజానికి దాడి ఎవరి మీద జరిగింది? 1868 ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు లకోటా వాళ్ళవే అని రాశారు. 1874లో అక్కడ బంగారం బయటపడింది. 1877లో ఆ కొండలు తీసేసుకున్నారు. కొండల్లో పుట్టిన మనకి దీని బాధ వేరే చెప్పక్కర్లేదు. 1890 డిసెంబర్ 15న సిట్టింగ్ బుల్‌ని పట్టుకోవడానికి పోలీసులు వెళ్ళారు. ఆ గొడవలో వాళ్ళు ఆయన్ని కాల్చి చంపేశారు. తుపాకీ అందరి చేతిలోనూ ఒకటే రకంగా పేలుతుంది. ఎవరి మీదికి తిప్పారు అనేదే తేడా.

పేరు ప్రతిష్ఠలు

ఆనీ ఎత్తు అయిదు అడుగులే. బట్టలు తానే కుట్టుకునేది. అద్దంలో చూస్తూ భుజం మీద నుండి వెనక్కి కొట్టేది. పేకముక్కని అంచు వైపు నిలబెడితే రెండు ముక్కలు చేసేది. ఇవి ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళ పనులు. ఎవరూ చేసి చూడకూడదు. 1887లో లండన్‌లో విక్టోరియా రాణి ముందు ఆడింది. అప్పుడు మన దేశాన్ని కూడా ఏలుతున్నది ఆ రాణే. లండన్‌లో చార్లెస్ లాంకాస్టర్ అనే తుపాకీల కంపెనీ వాళ్ళు ఆమె ఒంటి కొలతకి తగ్గ తేలిక తుపాకీ చేసిచ్చారు. చెప్పులు కొలతకి లేకపోతే కాలు కొరుకుతాయి కదా, తుపాకీ కూడా అంతే. 1889లో పారిస్ వెళ్ళింది. 1894లో ఎడిసన్ కంపెనీ వాళ్ళు ఆమె గురిని కదిలే బొమ్మల సినిమాగా తీశారు.

1901లో ఆమె వెళ్తున్న రైలు ఇంకొక రైలుని గుద్దింది. నడుము దెబ్బతింది. వైల్డ్ వెస్ట్ మానేసింది. 1903లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఎవరో వేరే ఆడమనిషి దొంగతనం చేసి తన పేరు ఆనీ ఓక్లీ అని చెప్పింది. పేపర్లవాళ్ళు విచారించకుండా, మత్తుమందు కోసం ఆనీ ఓక్లీ దొంగతనం చేసిందని రాసేశారు. ఆమె ఊరుకోలేదు. 55 పేపర్ల మీద కేసులు వేసింది. ఏళ్ళ తరబడి ఊరూరా కోర్టులకి తిరిగింది. 55లో 54 గెలిచింది. వచ్చిన డబ్బు ఖర్చులకి కూడా చాలలేదంటారు. అయినా మానలేదు. బీదింట్లో పుట్టినదానికి పేరు ఒక్కటే ఆస్తి.

టీచరుగా ఆనీ

ఆడవాళ్ళు తుపాకీ నేర్చుకోవాలని ఆమె గట్టిగా నమ్మింది. 1898లో యుద్ధం రాబోతుండగా, 50 మంది ఆడ షూటర్లని తెస్తాను, తుపాకీలు తూటాలు మావే అని అమెరికా అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1915 నుండి కొన్నేళ్ళు పైన్‌హర్స్ట్ అనే ఊళ్ళో ఆడవాళ్ళకి డబ్బు తీసుకోకుండా నేర్పింది. మొత్తం జీవితంలో 15,000 మందికి పైగా ఆడవాళ్ళకి నేర్పిందంటారు.

తుపాకీ పాఠం ఎక్కడ చెప్పినా ముందు చెప్పాల్సినవి ఇవి:

1. ప్రతి తుపాకీ నిండి ఉన్నదే అనుకోవాలి. ఇచ్చినవాడు ఖాళీ అన్నా, తెరిచి నువ్వు చూసుకోవాలి.
2. గొట్టం నోరు మనిషి వైపు ఎప్పుడూ తిప్పకూడదు. ఆటకి కూడా తిప్పకూడదు.
3. పేల్చే క్షణందాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు.
4. నింపేముందు గొట్టంలో మట్టి, మంచు, పీలిక ఏదైనా అడ్డం ఉందేమో చూడాలి. అడ్డం ఉంటే గొట్టం పగులుతుంది.
5. ఆ తుపాకీకి రాసిపెట్టిన తూటానే వాడాలి.
6. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకూడదు. నోరు ఎవరూ లేని వైపు పట్టుకుని ఒక నిమిషం ఆగాలి. ఆలస్యంగా పేలొచ్చు.
7. కంచె దాటేముందు, కాలువ దాటేముందు, ఇంట్లోకి వచ్చేముందు తూటాలు తీసెయ్యాలి.
8. గురి వెనకాల ఏముందో తెలియకుండా పేల్చకూడదు. పొద కదిలితే అది జంతువే అని ఎవరు చెప్పారు?
9. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకొకచోట తాళం వేసి ఉంచాలి.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం వేట కూడా నేరం. కాబట్టి చెల్లెళ్ళారా, ఎక్కడైనా నాటు తుపాకీ గానీ తూటా గానీ కనపడితే ముట్టుకోవద్దు. దూరంగా ఉండి పెద్దవాళ్ళకి చెప్పండి.

చివరి రోజులు

1922లో కారు ప్రమాదంలో ఆనీ కాలు దెబ్బతిని ఇనప పట్టీ వేశారు. ఆ పట్టీతోనే మళ్ళీ లేచి గురి కొట్టింది. 1926 నవంబర్ 3న గ్రీన్‌విల్‌లో చనిపోయింది. చిన్నప్పుడు పిట్టలు అమ్మిన ఊరే అది. ఫ్రాంక్ సరిగ్గా 18 రోజులకి, నవంబర్ 21న చనిపోయాడు. పంపు తుపాకీ చేసిన బ్రౌనింగ్ కూడా అదే నెలలో పోయాడు.

ఆనీ జీవితం నుండి మనం నేర్చుకోవాల్సింది తుపాకీ పేల్చడం కాదు. మాట ఇచ్చి బడికి పంపనివాళ్ళ ఇంట్లో ఆమె ఉండిపోలేదు. తప్పు రాసినవాళ్ళని వదల్లేదు. తనకి వచ్చింది పదిమందికీ నేర్పింది. ఇంక చేతిలో పని ఏదైనా, గ్యాస్ స్టవ్ అయినా, కరెంటు తీగ అయినా, కత్తి అయినా, తెరిచి చూసి, తడిమి చూసి, తర్వాతే మొదలుపెట్టాలి. అట్లా చూసుకునేవాళ్ళ పది వేళ్ళూ పదిలంగా ఉంటాయి.